బెజ్జం లేని గుండ్లు

కార్డు లేకుండా గన్ ముట్టకూడదన్న నియమం ముదీర్, అంటే షాపు మేనేజరు, పెట్టిందే. అదేం తాతల నాటిది కాదు. సరిగ్గా ఇరవై రెండు రోజుల కింద, పనివాళ్లందరినీ వరసలో నిలబెట్టి, లింబాద్రి మొహం మీదికి వేలు చూపిస్తూ పెట్టాడు.

దుబాయ్ అల్ వర్సాన్ గోడౌన్ల వరసలో అదొక చిన్న పౌడర్ కోటింగ్ షాపు. కిటికీ చట్రాలు, గేట్లు, గ్రిల్లులు వస్తాయి. వాటిని ముందు మందునీళ్ల తొట్లలో ముంచి జిడ్డు వదిలిస్తారు. ఆరాక కొక్కేలకు వేలాడదీసి కరెంటు గన్‌తో పొడి రంగు చల్లుతారు. ఆ తర్వాత గదంత ఓవెన్‌లోకి తోస్తారు. వేడికి పొడి కరిగి లోహాన్ని పట్టుకుని ఊడకుండా ఉండిపోతుంది. గన్ పట్టేది లింబాద్రి, ఓవెన్ చూసేది అబ్దుల్ రహీం. ఇద్దరిదీ కోరుట్ల వైపే. మిగిలిన నలుగురూ తొట్ల దగ్గరా కొక్కేల దగ్గరా పనిచేస్తారు. అందరి మీదా సూపర్‌వైజర్ రత్నబాబు, భీమవరం మనిషి. ఆయన మీద ముదీర్. ముదీర్ మీద యజమాని, అర్బాబ్, ఉన్నాడని చెబుతారు గానీ, మూడేళ్లలో ఆ పెద్దాయన షాపులోకి వచ్చింది రెండేసార్లు.

పోయిన నెల నూట నలభై చట్రాలు రంగు పొలుసులుగా లేచి వెనక్కొచ్చాయి. తొట్టిలో మందు మార్చి ఏడు వారాలైందని, కొత్త డ్రమ్ములు తెప్పించమని లింబాద్రి అంతకుముందే నాలుగుసార్లు అడిగాడు. ముదీర్ "చల్ జాయేగా", నడిచిపోతుందిలే అన్నాడు. చట్రాలు వెనక్కి రాగానే మాత్రం ఫైల్లోంచి జాబ్ కార్డు తీయించాడు. దాని మీద గన్ పట్టినవాడి గడిలో లింబాద్రి సంతకం ఉంది.

"జిస్‌కా నామ్, ఉస్‌కా జిమ్మేదారీ," అన్నాడు ముదీర్, పేరెవరిదో బాధ్యత వాళ్లదే అన్నట్టు. "ఆజ్ సే కార్డ్ నహీ తో గన్ నహీ. సమ్‌ఝా?"

అక్కడికక్కడే వార్నింగ్ లెటర్ టైపు చేయించాడు. రెండో లెటర్ వస్తే వీసా క్యాన్సిల్, చేతిలో టికెట్టు. పదకొండేళ్లు గన్ పట్టిన మనిషి, పౌడర్ పడే చప్పుడును బట్టి పొర ఎంత మందమో చెప్పగల మనిషి, లింబాద్రి తనది కాని తప్పుకు వంగి సంతకం పెట్టాడు. ఆ సంతకం అతన్ని ఇప్పటికీ కాలుస్తోంది. ముదీర్ మీద ఎంత కోపమో, తన మీద అంతకు రెట్టింపు కోపం.

మంగళవారం మధ్యాహ్నం అన్నాల తర్వాత ముదీర్ ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నీలం చొక్కా, నెత్తి మీదికి ఎత్తిపెట్టిన నల్ల కళ్లద్దాలు, చేతిలో రేకు బిస్కట్ డబ్బా. చూడ్డానికి చిన్నదే గాని మోయడానికి ఆయన భుజం ఒకవైపు వంగింది. డబ్బా మూత తీసి స్టీలు బల్ల మీద కుమ్మరించాడు. చిటికెన వేలి కొసంత బూడిదరంగు ముక్కలు ధడధడ దొర్లాయి. మూడొందలకు తక్కువుండవు.

"ఫిషింగ్ వెయిట్స్," అన్నాడు నీలం చొక్కా, ఎవరూ అడక్కుండానే.

"లాల్ రంగ్. గురువారం లోపల," అని ముదీర్ లింబాద్రి వైపు చూశాడు. "చోటా కామ్ హై. కార్డ్ వార్డ్ కుఛ్ నహీ."

ఇద్దరూ నవ్వుకుంటూ ఆఫీసు గదిలోకి పోయారు. ఏసీ చల్లగాలి ఒక్క క్షణం బయటికి వచ్చి, తలుపు మూసుకోగానే ఆగిపోయింది.

లింబాద్రి ఒక ముక్క తీసుకుని అరచేతిలో దొర్లించాడు. సీసం. కింద చదునుగా ఉంది, పైన మొన తేలి ఉంది, నడుమ చుట్టూ రెండు గీతలున్నాయి. ఇంట్లో పోత పోసినట్టున్నారు, అచ్చు కలిసిన చోట సన్నటి అంచు గోటికి తగులుతోంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుతురుకు పెట్టి చూశాడు.

"రహీం భాయ్, ఇటు రా. గాలానికి కట్టే గుండ్లంట ఇవి."

రహీం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అయితె?"

"దారం ఎక్కిచ్చే బెజ్జం ఏది?"

రహీం ఒకటి తీశాడు, ఇంకొకటి తీశాడు. బెజ్జం లేదు, కొక్కెం లేదు, కట్టుకోవడానికి ఏమీ లేదు. రెండింటినీ మెల్లిగా బల్ల మీద పెట్టి చేతిని చొక్కాకు గట్టిగా రాసుకున్నాడు.

"లింబన్నా, ఇవి తుపాకి గోలీలు కదా."

"నా చిన్నప్పుడు మా ఊరి బడి గోడలల్ల ఇసొంటియే ఉండె. పోలీసులు కాల్చి పోయినంక మేం పిలగాండ్లం పెన్సిల్ మొనతోటి తవ్వి తీసుకునేటోళ్లం. మా సారు చూసి చెంప పగలగొట్టిండు. గవే ఇవి. రాగి తొడుగొక్కటే లేదు, దాని బదులు మన రంగు."

"ఈ దేశంల గోలీ దొరికిందంటె మనిషి దొరకడు," అన్నాడు రహీం. తర్వాత ఓవెన్ వైపు చూసి ఇంకో మాట అన్నాడు. "దాంట్లనే గద మనం అన్నాలు వేడి జేసుకునేది."

నిజమే. పొద్దుటి సరుకు బయటికి తీశాక ఓవెన్‌లో మిగిలిన వేడికి ఆరుగురి టిఫిన్ డబ్బాలూ కింది అరలో పెడతాడు రహీం. ఏ కంపెనీ ఒప్పుకోని పద్ధతే గాని, ఆ షాపు మొదలైన్నాటి నుంచీ అంతే. పప్పు పొగలు కక్కుతూ బయటికి వస్తుంది. ఇక అందులోనే సీసం కాలుతుంది. లింబాద్రి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని రత్నబాబు బల్ల దగ్గరికి నడిచాడు.

"బాబు సార్, కార్డు ఇయ్యుర్రి."

రత్నబాబు కంప్యూటర్ లోంచి తల ఎత్తలేదు. "దేనికి లింబాద్రన్నా?"

"ఆ బిస్కట్ డబ్బకు."

"అది చిన్న పనేనంటండీ, కార్డు అక్కర్లేదన్నారు గదా."

"అక్కెర లేదని మీరు అంటున్నరు. కార్డు లేకుంటె గన్ ముట్టద్దని సార్ అన్నడు. నేను ఎవ్వరి మాట వినాలె?"

రత్నబాబు తల ఎత్తాడు. ముప్పై ఆరేళ్ల మనిషి. భార్య దయాకుమారి దేరాలో ఒక ఆసుపత్రిలో నర్సు, ఇద్దరు పిల్లలు ఇక్కడే బడికి పోతున్నారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. ముదీర్ ఏది చెప్పినా తలూపుతాడు, ఆ తర్వాత రెండు నిమిషాలు తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడూ అలాగే చూశాడు. తర్వాత సొరుగు లాగి పసుపు కార్డు తీశాడు. సరుకు గడిలో ఫిషింగ్ వెయిట్ అని రాశాడు. రంగు గడిలో ఎరుపు. సరుకు ఎవరిదన్న గడి ఖాళీగా వదిలేశాడు. గన్ పట్టినవాడి గడిలో లింబాద్రి అని రాసి కార్డు ముందుకు జరిపాడు.

"ఇదిగో. సంతకం పెట్టెయ్యి."

"చేపల గుండ్లని రాసిర్రు."

"మరి వాళ్లు చెప్పింది అదేగా."

"బెజ్జం చూసిర్రా సార్ మీరు?"

రత్నబాబు మొహం మారింది. అతనూ చూశాడని, అతనికీ తెలుసని లింబాద్రికి అప్పుడే అర్థమైంది. తెలియనివాడైతే బెజ్జమేంటని అడుగుతాడు. రత్నబాబు అడగలేదు.

"ఎందుకయ్యా మనకి?" అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరో స్నేహితుడంట, శుక్రవారాలు ఎడారిలోకెళ్లి గురి చూసుకుంటారంట. ఒక్క గంట పని. కళ్లు మూసుకుని కొట్టేసెయ్యి. నీకు రెండో లెటర్ వచ్చిందంటే నేనేం చెయ్యలేను."

"గురి చూసుకునేటోళ్లు వాళ్ల పేరు పెట్టుకోమను. పోలీసులొస్తె కార్డు మీద దొరికేది ఎవ్వలు? ఆయన పేరు లేదు, సార్ పేరు లేదు, మీ పేరు లేదు. ఒక్క లింబాద్రి పేరే ఉన్నది."

కార్డును వేలితో వెనక్కి జరిపి వచ్చేశాడు. ఆ సాయంత్రం దాకా తెల్ల గ్రిల్లులకు రంగు చల్లాడు. బల్ల మీద సీసం ముక్కలు అలాగే ఉన్నాయి. నడిచేవాళ్లు బల్లకు చుట్టు తిరిగి నడిచారు.

క్యాంపు గదిలో స్నానం చేసి, గిన్నె పొయ్యి మీద పెట్టి ఊళ్లో ఉన్న భార్య రేణుకకు ఫోన్ చేశాడు. రేణుక ఫోన్‌ను గోడకు ఆనించి బీడీలు చుడుతోంది. వీడియోలో మొహం సగమే కనిపిస్తుంది, చేతులు మాత్రం పూర్తిగా కనిపిస్తాయి. ఆకు, తంబాకు, చుట్టుడు, దారం. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగవు.

జరిగింది చెప్పాడు. చెప్పి, ఆమె ఏమంటుందో అని భయంభయంగా ఆగాడు. సర్దుకుపొమ్మంటే సర్దుకుపోవాల్సి వస్తుందని అతని భయం. నిజానికి మనసులో ఒక మూల ఆమె ఆ మాట అంటే బాగుండుననీ ఉంది. అప్పుడు తప్పు పంచుకోవడానికి ఒక మనిషి దొరుకుతుంది.

రేణుక చేతులు ఆగిపోయాయి.

"సాయవ్వ కొడుకు యాదికున్నడా?" అంది.

"ఉన్నడు."

"ఎవడో మందుల పొట్లం ఇచ్చి దుబాయిల ఉన్న తన తమ్మునికి ఇయ్యుమంటె సంచిల పెట్టుకున్నడు. పట్టుకపోయి మూడేండ్లు జైల్ల పెట్టిరి. ఆ పొట్లం ఇచ్చినోడు మొన్న పెండ్లికొచ్చి మస్తుగ తిని పోయిండు."

"సంతకం పెట్టకుంటె క్యాన్సిల్ జేస్తడే."

"చెయ్యనియ్యి. పొయినసారి ఉత్తపుణ్యానికి పెట్టి వస్తివి. మూడు వారాలైంది, ఫోన్ల నీ మొకం చూడబుద్ధి అయితలేదు నాకు." ఆమె మళ్లీ ఆకు అందుకుంది. "వస్తె రా. బీడీలు చుట్టుడు నేర్పిస్త. నీ చేతులకు రాదు గాని, ఆకన్న కత్తిరిస్తవు."

ఇద్దరూ నవ్వారు. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చింది. లింబాద్రి గిన్నె దించాడు. మనసు తేలికైంది. ఆ మాడు పప్పే కలుపుకుని మొత్తం తిన్నాడు.

బుధవారం పది గంటలకు ముదీర్ పిలిచాడు. బల్ల మీద కిందటి రోజు రత్నబాబు రాసిన పసుపు కార్డు ఉంది. రత్నబాబు గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"క్యా ప్రాబ్లం?" అన్నాడు ముదీర్ నవ్వుతూనే. "కార్డ్ మాంగా, కార్డ్ దియా."

లింబాద్రికి హిందీ బాగానే వచ్చు. పదకొండేళ్లలో సైట్లూ క్యాంపులూ నేర్పిన హిందీ. "సార్, ఇస్ మే గలత్ లిఖా హై," అన్నాడు. "జో హై, వో లిఖో." ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు.

"క్యా హై?"

"గోలీ."

ముదీర్ నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్లి, అప్పటిదాకా తెరిచి ఉన్న తలుపును మూశాడు. లింబాద్రి ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. చేపల గుండ్ల గురించి మాట్లాడేవాడికి తలుపు మూసే పని ఉండదు. అంతవరకు మనసులో ఏ కాస్త అనుమానమున్నా అది తీరిపోయింది. వింతేమిటంటే దానితోపాటు భయమూ సగం తీరిపోయింది.

ముదీర్ అరిచాడు. ఎక్కడి నుంచి వచ్చావో మర్చిపోయావా అన్నాడు. నీలాంటివాళ్లు నైఫ్ బజారు సందుల్లో వందమంది దొరుకుతారన్నాడు. ఒక్క ఫోన్ చేస్తే రేపే ఎయిర్‌పోర్టు అన్నాడు. లింబాద్రి చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు. ముదీర్ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "కార్డ్ సహీ లిఖో సార్, మై కరేగా," అన్నాడు.

"బాహర్ జా!"

బయటికి వచ్చాడు. చెప్పాల్సింది చెప్పాను కదా అనుకున్నాడు.

ముదీర్ ఆ తర్వాత రహీంను పిలిచాడు. రహీంకూ గన్ పట్టడం వచ్చు, లింబాద్రి సెలవు మీద పోయినప్పుడు అతనే కొడతాడు. ముగ్గురు కూతుళ్ల తండ్రి, మెత్తటి మనిషి. రహీం లోపలికి పోతుంటే లింబాద్రి చేతిలో పని ఆపేశాడు. ఒప్పుకుంటే తప్పుపట్టేందుకు కూడా లేదు. రెండు నిమిషాలు కాకముందే రహీం బయటికి వచ్చి టోపీ సర్దుకున్నాడు.

"ఏమన్నవ్?"

"కార్డు సహీ రాయుమన్న. నువ్వు చెప్పిన మాటనే చెప్పిన, నాకు ఇంకో మాట తెల్వదు." రహీం దమ్ము తీసుకున్నాడు. "అల్లా, ఎంత భయమైందో లింబన్నా."

ఆ మధ్యాహ్నం ఎవరూ ఓవెన్‌లో డబ్బాలు పెట్టలేదు. రేపటి నుంచి అందులో సీసం కాలినా కాలుతుంది, ఇవాళే మానేద్దామని రహీం చెప్పాడు, అంతే. ఆరుగురూ గోడ నీడన వరసగా కూర్చుని చల్లటి అన్నం తిన్నారు. రత్నబాబు కిటికీ అద్దంలోంచి చూశాడు. కాసేపటికి తన డబ్బా పట్టుకుని వచ్చి, చివర్న కూర్చుని తిన్నాడు. అలా అతనెన్నడూ కూర్చోలేదు.

గురువారం ముదీర్ తానే గన్ పట్టాడు.

పదకొండుకు నీలం చొక్కా వస్తానన్నాడు. తొమ్మిదిన్నరకే ముదీర్ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, జాలీ ట్రే మీద సీసం ముక్కలను వరసగా నిలబెట్టాడు. ఎర్ర పౌడర్ డబ్బా తెరిచి గన్‌కు తగిలించి రంగు చల్లే బూత్‌లోకి వెళ్లాడు. మాస్కు పెట్టుకోలేదు. ట్రిగ్గర్ నొక్కాడు. ఎర్రటి దుమ్ము బుస్సున లేచి ముక్కల చుట్టూ తిరిగి, మీద పట్టకుండా నేల మీదికి జారింది. ఇంకా గట్టిగా నొక్కాడు. వెనక్కి తన్నిన పొడి మొహం మీద, కనుబొమల మీద పడింది. తుమ్మాడు. ట్రే అంచు పట్టుకోబోయి, చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. కరెంటు చిమచిమ కొట్టింది.

ట్రేకు ఎర్త్ క్లిప్పు తగిలించలేదు. క్లిప్పు లేకపోతే పొడి దేన్నీ పట్టుకోదు. షాపులో చేరిన మొదటిరోజున నేర్పే పాఠమది. క్లిప్పు బూత్ పక్కనే నల్ల వైరుకు వేలాడుతోంది. ఆరుగురూ చేస్తున్న పని ఆపి నిలబడి చూశారు. ఆరుగురికీ అది కనిపిస్తోంది. ఒక్కడూ చెయ్యి ఎత్తలేదు, ఒక్కడూ నవ్వలేదు.

"పౌడర్ ఖరాబ్ హై క్యా?" అని అరిచాడు ముదీర్.

"పౌడర్ అచ్ఛా హై సార్," అన్నాడు లింబాద్రి.

అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. పని తెలిసినవాడు పని తెలియనివాణ్ణి అలా చూస్తూ నిలబడటం అతనికి అలవాటు లేదు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెయ్యి పట్టుకుని నేర్పిన మనిషి. వేళ్లు ఆ క్లిప్పు కోసం పీకుతూనే ఉన్నాయి. జేబుల్లో పెట్టుకున్నాడు.

నీలం చొక్కా చెప్పిన టైముకే వచ్చాడు. ఎర్ర పొడి మీదపడ్డ ముదీర్‌ను చూసి పగలబడి నవ్వాడు. ఏమైంది, నీ మనుషులుండగా నువ్వా అన్నాడు ఇంగ్లీషులో. లింబాద్రి రత్నబాబు బల్ల మీంచి ఒక ఖాళీ పసుపు కార్డు, పెన్ను తీసుకున్నాడు. రత్నబాబు ఆపలేదు. లింబాద్రి నేరుగా నీలం చొక్కా ముందుకు వెళ్లి కార్డును రెండు చేతులా పట్టుకుని చూపించాడు.

"సార్, యువర్ నేమ్. ఫోన్ నంబర్. ఐటమ్ నేమ్," అని గడులను వేలితో చూపించాడు. "దెన్ ఐ డూ. గుడ్ ఫినిష్."

నీలం చొక్కా కార్డును చూశాడు. నెత్తి మీది కళ్లద్దాలు దించి పెట్టుకున్నాడు. షాపులో అంత ఎండేం లేదు.

"నో పేపర్ అన్నావుగా," అన్నాడు ముదీర్‌తో, వాళ్ల ఇంగ్లీషులో, గొంతు బాగా తగ్గించి.

ముదీర్ ఏదో సర్దిచెప్పబోయాడు. నీలం చొక్కా వినలేదు. ట్రే ఎత్తి బిస్కట్ డబ్బాలోకి వంచాడు. నాలుగు ముక్కలు కింద పడి దొర్లాయి. అంత పెద్దమనిషీ మోకాళ్ల మీద కూర్చుని, బల్ల కింద చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే వెతికి ఏరుకున్నాడు. నాలుగూ దొరికేదాకా లేవలేదు. కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

ఎవరూ కేకలు వెయ్యలేదు. రహీం మాత్రం ఓవెన్ దగ్గరికి పోయి, లోపల ఏమీ లేకపోయినా, తలుపు తీసి మళ్లీ మూశాడు. చేతులకు ఏదో ఒక పని కావాలి. ముదీర్ మొహం కడుక్కోకుండానే ఆఫీసులోకి పోయాడు. ఆ రోజంతా బయటికి రాలేదు.

గెలిచామని లింబాద్రి అనుకోలేదు. అనుకునేంత అమాయకుడు కాదు. ఆ సాయంత్రం క్యాంపులో సూట్‌కేసు దులిపి పెట్టుకున్నాడు.

శుక్రవారం సగం పూటే పని. తొమ్మిది గంటలకు ముదీర్ అందర్నీ ఆఫీసు గది బయట, బల్ల దగ్గర వరసలో నిలబెట్టాడు, పోయిన నెల నిలబెట్టినట్టే. మొహం శుభ్రంగా ఉంది గాని, చెవి వెనక ఎరుపు ఇంకా మిగిలే ఉంది. చేతిలో కాగితం ఉంది.

"సెకండ్ వార్నింగ్," అన్నాడు. రత్నబాబుకు ఇచ్చి పైకి చదవమన్నాడు.

రత్నబాబు చదివి తెలుగులో చెప్పాడు. పైవారి ఆజ్ఞ పాటించలేదు, కస్టమర్ ముందు కంపెనీ పరువు తీశాడు, కాబట్టి రెండో హెచ్చరిక. ఈ కాగితం వీసా పనులు చూసే మందూబ్ చేతికి వెళితే అతను క్యాన్సిల్ పనులు మొదలుపెడతాడు.

"సైన్ కర్," అన్నాడు ముదీర్. "సైన్ కర్, ఖలాస్."

లింబాద్రి కాగితం తీసుకున్నాడు. పెన్ను రత్నబాబే ఇచ్చాడు. స్టీలు బల్ల మీద కాగితం పరచుకుని, సంతకం గడి పైన ఉన్న ఖాళీ జాగాలో రాయడం మొదలుపెట్టాడు. సంతకానికి పట్టే టైము కంటే చాలా ఎక్కువ పట్టింది. ఏడో తరగతిలో ఆపేసిన చదువు. అక్షరాలు పెద్దగా, విడివిడిగా పడుతున్నాయి. ఆరు వరసలు రాశాడు. కింద పేరు, ఊరు, తేదీ వేశాడు. తర్వాత సంతకం పెట్టాడు.

ముదీర్ కాగితం లాక్కుని చూశాడు. ఒక్క అక్షరం అర్థం కాలేదు. రత్నబాబు చేతిలో పెట్టాడు.

"క్యా లిఖా?"

ఆ షాపులో తెలుగూ ఇంగ్లీషూ రెండూ చదవగలిగింది రత్నబాబు ఒక్కడే. రహీంకు తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. తప్పు ఒప్పుకున్నానని రాశాడు సార్, అని రత్నబాబు అనవచ్చు. అంటే ముదీర్ కాగితం మడిచి ఫైల్లో పెట్టేస్తాడు, అందరూ పనిలోకి పోతారు, రత్నబాబు పిల్లలు ఆదివారం తర్వాత మామూలుగా బడికి పోతారు. లింబాద్రి అతని మొహంలోకే చూస్తున్నాడు. బతిమాలే చూపు కాదది. నీ ఇష్టం అన్నట్టు చూశాడు.

రత్నబాబు ఒకసారి మనసులో చదువుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఒక్కో వాక్యం ఆగి ఆగి ఇంగ్లీషులో చెప్పాడు. మధ్యలో ఏ మాటా వదల్లేదు, ఏ మాటా మెత్తబరచలేదు. లింబాద్రి రాసింది ఇది:

"నన్ను మంగళవారం నాడు తుపాకి గోలీలకు ఎర్ర రంగు కొట్టుమన్నరు. కార్డు మీద చేపల గుండ్లని రాసి నా పేరు పెట్టిర్రు. సహీ కార్డు లేకుంటె నేను కొట్టనన్న. గురువారం నాడు మా ముదీర్ తానే గన్ పట్టిండు. నేను పాటించని ఆజ్ఞ ఇది. ఇది నిజమని సంతకం పెడుతున్న."

ముదీర్ మొహంలో రక్తం లేదు. "యే క్యా బక్వాస్ హై," అన్నాడు. అందులో పాత జోరు లేదు.

"అలాగే రాశాడు సార్," అన్నాడు రత్నబాబు. అక్కడితో ఆగితే సరిపోయేది. అతను ఆగలేదు. కాగితాన్ని మళ్లీ బల్ల మీద పెట్టి, లింబాద్రి సంతకం కింద తన పేరు ఇంగ్లీషులో రాసి, పక్కన సాక్షి అని పెట్టాడు. మొదటిసారి అతను తలుపు వైపు చూడలేదు.

రహీం ముందుకు వచ్చాడు. "నాకు సంతకం రాదు సార్, వేలు పెడ్త," అన్నాడు. తడి ఇంకు కోసం చుట్టూ చూసి, బూత్ గోడకు అంటిన ఎర్ర పౌడర్‌ను తడిగుడ్డతో వేలికి రాసుకుని ముద్ర వేశాడు. తొట్ల దగ్గరి నలుగురూ ఒకరి వెనక ఒకరు బల్ల వైపు కదిలారు.

ముదీర్ గభాల్న కాగితం అందుకున్నాడు. మందూబ్‌కు పంపాల్సిన కాగితమది. అది లేకుండా క్యాన్సిల్ మొదలవదు. దాన్ని పంపితే మందూబ్ చదివించుకుంటాడు, ఆ తర్వాత అర్బాబ్ చదివించుకుంటాడు. కొత్త కాగితం టైపు చేయించినా సంతకం చెయ్యమని మళ్లీ ఈ మనిషికే ఇవ్వాలి. ఆ లెక్క మొత్తం అతని మొహం మీద అందరికీ కనిపించింది. నాలుగు మడతలు పెట్టి కాగితాన్ని ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు.

"యల్లా, కామ్ కరో," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా, ఆఫీసు వైపు తిరుగుతూ.

ఎవరూ కదల్లేదు. లింబాద్రి రెండడుగులు ముందుకు వేసి దారికి అడ్డంగా నిలబడ్డాడు. చెయ్యి చాచాడు.

"నాకొక కాపీ ఇయ్యుర్రి సార్," అన్నాడు, ఈసారి తెలుగులోనే.

ముదీర్ రత్నబాబు వైపు చూశాడు. అడగకముందే రత్నబాబు అర్థం చెప్పాడు, చెప్పి జెరాక్స్ మిషన్ ఆన్ చెయ్యడానికి లోపలికి నడిచాడు.